ఎవరి చేతికి చేస్తున్నారు ఆ కత్తి?

ప్రశ్న: మాస్టారూ, మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. వయసు 31. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఏడాదిగా చేత్తో కత్తులు చెయ్యాలని పిచ్చి పట్టుకుంది. వీడియోలు చూసి రెండు చేశాను. మొదటిది పాత లారీ కమాను పట్టీతో. బొగ్గుల్లో తెల్లగా వచ్చేదాకా కాల్చి, మా ఊరి కమ్మరి చేసినట్టే బకెట్ నీళ్ళలో ముంచాను. టిక్కుమని చప్పుడైంది. తీసి చూస్తే కోసే అంచు, అదే వాదర, నుంచి వెన్ను దాకా చిట్లింది. రెండోది ఐరన్ షాపులో కొన్న పట్టీతో చేశాను. చూడ్డానికి చాలా బాగా వచ్చింది గానీ నాలుగు ఉల్లిపాయలు కోసేసరికి మొద్దుబారిపోతోంది. బెల్ట్ గ్రైండర్ కొంటే పని బాగుపడుతుందా? విదేశాల్లో చేసే 10 అంగుళాల వేట కత్తులంటే నాకిష్టం. అలాంటిది చెయ్యొచ్చా? ఇంకో మాట. మా నాన్నగారు "కొలిమి ఊదుకోడానికా నిన్ను ఇంజినీరింగ్ చదివించింది" అని, నాతో మాట్లాడ్డం మానేశారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: బాబూ, ఆ చిట్లిన కత్తిని పారేయలేదు కదా? ఉంచండి. దాన్ని వైస్‌లో బిగించి, పైన మందపాటి గుడ్డ కప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి పూర్తిగా విరిచెయ్యండి. విరిగిన చోటు ఎండకి పట్టి చూడండి. అక్కడ రెండు సంగతులు కనపడొచ్చు. పంచదార పలుకుల్లా మిలమిలా మెరుస్తోందంటే ఉక్కు ఎక్కువ కాలిపోయింది. వేడి పెరిగేకొద్దీ లోపలి పలుకు పెద్దదైపోతుంది, పలుకు పెద్దదైన ఉక్కు గాజులాగా విరుగుతుంది. సరిగ్గా కాలిన ఉక్కు అయితే పింగాణీ పెంకు విరిచినట్టు నున్నగా, బూడిదరంగులో ఉంటుంది. రెండోది, విరిగిన మేరలో ఒక అంచున నల్లగానో తుప్పు రంగులోనో పాత మరక ఉందేమో చూడండి. ఉంటే ఆ బీట మీ చేతిలో పుట్టింది కాదు. ఏళ్ళ తరబడి లోడు మోసి, గుంతల్లో పడి లేచిన పట్టీలో కంటికి కనపడని బీటలు ముందే ఉంటాయి. నీళ్ళలో ముంచగానే అవి నోరు తెరుస్తాయి.

మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. ఉక్కు గురించి ఉంది, గ్రైండర్ గురించి ఉంది, నాన్నగారి గురించి ఉంది. ఆ రెండు కత్తులూ ఎవరి కోసం చేశారో, దేన్ని కొయ్యడానికి చేశారో ఒక్క ముక్క కూడా లేదు. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరయ్యాక ఈ పనిలో పడ్డాను. మొదట్లో చేసిన వాటిలో ఒకటి మా సెంటర్లో బొండాలు కొట్టే అతనికి ఇచ్చాను. జిట్రేగి చెక్క పిడి, అద్దంలా పాలిష్ చేసి మూడు పూతలు వేశాను. చాలా మురిసిపోయాను. మూడో రోజు బొండం తాగుదామని వెళ్తే ఆ పిడి కనపడలేదు. దాని మీద పాత సైకిల్ ట్యూబు కోసి బిగించి చుట్టేశాడు. నేను అడక్కముందే అన్నాడు, "కత్తి బెమ్మాండంగా ఉందండి బాబూ, పిడే చేతిలో నిలబడట్లేదండి." రోజంతా అతని చెయ్యి కొబ్బరినీళ్ళతో తడిసే ఉంటుంది. ఆ తడి చేత్తో వెయ్యి దెబ్బలు వేసే మనిషికి నేను అద్దం లాంటి పిడి ఇచ్చాను. ఆ సాయంత్రం ఒక గంటసేపు బండి పక్కన స్టూలేసుకుని చూశాను. అతను దెబ్బ వేసేది మణికట్టుతో. బరువంతా కత్తి ముందు భాగంలో ఉంటే దానంతటదే దిగుతుంది. చిటికెనవేలు పిడి చివర కొక్కెంలా పట్టుకుంటుంది. అంటే అక్కడ ఒక బుడిపె ఉండాలి. రెండోసారి తుమ్మ చెక్కతో, పాలిష్ లేకుండా, ముతక ఆకురాయి గీతలు అలాగే వదిలేసి, చివర బుడిపెతో చేశాను. దానికి ట్యూబు చుట్టలేదు.

అందుకని మొదట మనిషిని పెట్టుకోండి. నా సలహా, మొదటి కత్తి మీ అమ్మగారికి. ఆవిడ ఇన్నేళ్ళూ కత్తిపీట మీద కూర్చుని తరిగి ఉంటారు. మోకాళ్ళు నొప్పులు వచ్చాక ఇప్పుడు గట్టు దగ్గర నిలబడి, సంతలో కొన్న రేకు కత్తితో అవస్థ పడుతూ ఉంటారు. మన వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే కథ. నాలుగు రోజులు వంటింట్లో నిలబడి చూడండి. బెండకాయల్ని చేతిలోనే పట్టుకుని బొటనవేలి వైపు కోస్తున్నారా, పీట మీద పెట్టి కోస్తున్నారా? కత్తి వెన్ను మీద చూపుడు వేలు పెడతారా? కాగితం మీద ఆవిడ అరచెయ్యి పెట్టించి పెన్సిల్‌తో గీయండి. పిడి పొడవు ఆ నాలుగు వేళ్ళ వెడల్పు కన్నా ఒక వేలు ఎక్కువ ఉంటే చాలు. అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, 6 అంగుళాలు, వెన్ను దగ్గర మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు చూడండి, లారీ కమాను పట్టీ ఎందుకు పనికిరాదో మీకే అర్థమవుతుంది. దాని మందం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. దాన్ని సాగగొట్టాలంటే సమ్మెట పట్టేవాడు ఇంకొకడు కావాలి.

మొదటి కత్తికి కొట్టడం వద్దు, కోసి అరగదీయడం చాలు. టూల్ షాపుల్లో ఓహెచ్ఎన్ఎస్ అని అడిగితే 3 మిల్లీమీటర్ల పట్టీ సాపుగా తయారుచేసినదే దొరుకుతుంది. నూనెలో గట్టిపడే ఉక్కు అది. కర్బనం 0.9 శాతం దగ్గర ఉంటుంది. మీరు ఐరన్ షాపులో కొన్నది గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే మెత్త ఇనుము. కర్బనం 0.25 శాతం కూడా ఉండదు. దాన్ని ఎంత కాల్చినా, ఎందులో ముంచినా గట్టిపడదు. మీ తప్పేమీ లేదు, దానిలో సరుకే లేదు. కమాను పట్టీల్లో 0.5 నుంచి 0.65 దాకా ఉంటుంది. ఏ ముక్కైనా ముందు గ్రైండింగ్ రాయికి ఆనించి రవ్వలు చూడండి. మెత్త ఇనుము రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోయి ఆరిపోతాయి. కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు చివర చిట్లి కాకరపువ్వొత్తిలా పూస్తాయి. సంధ్యవేళ చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. మీ ఊరి కమ్మరిని మీరు సగమే చూశారు బాబూ. ఆయన కత్తి మొత్తం ముంచడు. వాదర వైపు రెండు వేళ్ళ మేర మాత్రం నీళ్ళలో పెట్టి తీస్తాడు. వెంటనే ఇటుక ముక్కతో ఆ చోటు గబగబా రుద్ది తెల్లగా చేస్తాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా వాదర వైపు పాకుతూ వస్తుంది. దానితోపాటు రంగు కూడా వస్తుంది, ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత ఊదా, నీలం. తనకి కావలసిన రంగు వాదర మీదకి రాగానే మొత్తం ముంచి ఆ వేడిని ఆపేస్తాడు. ఒక్క కాల్పుతో గట్టిపరచడం, ఆ గట్టిదనంలో పెళుసు తీసెయ్యడం రెండూ అయిపోతాయి. ఇదంతా అర నిమిషంలో జరిగే పని. మీకు కనపడింది బుస్సుమన్న ఆవిరి ఒక్కటే.

పదును అనే మాటని మనవాళ్ళు నేలకీ వాడతారు, ఉక్కుకీ వాడతారు. మట్టి పిడికిట్లో ముద్దయి, వేలితో పొడిస్తే విడిపోతే దుక్కికి పదును. ఎక్కువ తడైతే బురద, ఆరిపోతే బెడ్డ. ఉక్కుదీ అదే లెక్క. కాల్చి ముంచగానే గాజులా ఉంటుంది, అది బెడ్డ. మళ్ళీ ఎక్కువ వేడి చేస్తే మెత్తబడిపోతుంది, అది బురద. ఆ రెంటికీ నడుమ నిలబెట్టడమే పదును. నూరడం తర్వాతి మాట. మీ మొదటి కత్తి బెడ్డ, రెండోది బురద.

మన దగ్గర ఆ నడుమ పట్టుకోడానికి తేలికైన దారి చెబుతాను. ఆకారం అంతా ముందే కోసి, అరగదీసి, పిడి మేకులకి కన్నాలు కూడా వేసేసుకోండి. గట్టిపడ్డాక డ్రిల్లు దిగదు. వాదర దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు మందం వదలండి, పలచగా ఉంటే ముంచినప్పుడు వంకరపోతుంది. బొగ్గుకి కోనసీమలో కొరత లేదు, కొబ్బరి చిప్పల బొగ్గు బ్రహ్మాండంగా మండుతుంది. ఎండలో ఎరుపు రంగు కంటికి ఆనదు కాబట్టి సాయంత్రం దీపాలు పెట్టే వేళ మొదలెట్టండి. మీరు మొదటిసారి అలా తెల్లగా కాల్చెయ్యడానికి ఎండ కూడా ఒక కారణం అయ్యుంటుంది. ఒక అయస్కాంతాన్ని తీగకి కట్టి దగ్గర పెట్టుకోండి. ఉక్కు సుమారు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతం దాన్ని పట్టదు. పట్టడం మానేశాక ఇంకొక్క పిసరు వేడెక్కనిచ్చి, ఆ రంగులోనే పది నిమిషాలు నిలబెట్టండి. అదే 800 డిగ్రీల దగ్గర. బ్లోయరు మెల్లగా తిప్పాలి, కత్తిని అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. మొన పలచగా ఉంటుంది కాబట్టి అది ముందు కాలిపోతుంది, దాని మీద ఓ కన్నెయ్యండి.

ముంచేది నీళ్ళలో కాదు, నూనెలో. వేరుశనగ నూనో, పొద్దుతిరుగుడు నూనో మూడు నాలుగు లీటర్లు పొడవాటి ఇనప డబ్బాలో పోసి 50, 60 డిగ్రీల దాకా వేడి చెయ్యండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని సరిగ్గా లాగదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకి విషం. కత్తిని నిలువుగా దింపి, పైకీ కిందకీ ఆడించండి. పక్కలకి ఊపితే వంగిపోతుంది. చల్లబడ్డాక పాత ఆకురాయితో వాదర మీద గీయండి. గాజు మీద గీసినట్టు జారిపోతే గట్టిపడినట్టే. అప్పుడు రేపు చూద్దాంలే అని పక్కన పెట్టి పడుకోకండి. ఆ స్థితిలో వదిలేసిన అలుగు రాత్రికి రాత్రే తనంతట తను చిట్లొచ్చు. కేకులు చేసుకునే ఓవెన్ ఉంటుంది కదా, అందులో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. ఓవెన్ మీద అంకెల్ని నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టండి. మెరిపించిన అలుగు మీదకి ఎండుగడ్డి రంగు రావాలి. వంటింటి కత్తికి అదే పదును.

కొబ్బరాకుల పందిరి కిందా, తాటాకు పాకలోనూ ఈ పని చెయ్యకండి. నూనె అంటుకుంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరేదే. డబ్బాకి సరిపోయే ఇనప మూత, పక్కన రెండు బకెట్ల ఇసుక ఉంచుకోండి. మండే నూనె మీద నీళ్ళు చల్లితే మంట పైకి లేస్తుంది. పంచె, లుంగీ వద్దు, నూలు ప్యాంటు, బూట్లు. జింకు పూత పూసిన రేకులూ పైపులూ నిప్పుల్లో పెట్టకండి, ఆ పొగకి జ్వరం వస్తుంది.

గ్రైండర్ ఇప్పుడు కొనకండి. 12 అంగుళాల ముతక ఆకురాయి ఒకటి, సన్నది ఒకటి, గట్టి వైస్, ఎమెరీ పేపర్లు, చిన్న డ్రిల్లు చాలు. ఆకురాయితో ఒక కత్తికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. పట్టనివ్వండి. ఆకురాయి చేసే తప్పు ఒక వెంట్రుక వాసి, బెల్టు చేసే తప్పు ఒక్క క్షణంలో సగం అలుగు. పైగా గట్టిపడిన వాదర బెల్టు మీద వేడెక్కి నీలం తిరిగిందంటే అక్కడ పదును పోయినట్టే, మళ్ళీ మొదటికే రావాలి. ఐటీఐ పిల్లల చేత నెలల తరబడి ఆకురాయి పట్టించినవాణ్ణి, ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. ఇక గుడ్డ చక్రంతో పాలిష్ చేసే మిషన్ జోలికి అసలు పోవద్దు. ఒకసారి నా చేతిలో కత్తి మొనని ఆ చక్రం లాక్కుని విసిరేసింది. నా తొడ పక్కనుంచి పోయి వెనక తలుపు చెక్కలో రెండు అంగుళాలు దిగబడింది. నాలుగు రోజులు ఆ షెడ్డులోకి వెళ్ళలేకపోయాను.

పిడికి తుమ్మ గానీ చింత చేవ గానీ తీసుకోండి. బాగా ఆరిన ముక్క కావాలి, ఏడాది కిందట కోసినదైతే మంచిది. మన గాలిలో తడి ఎక్కువ, పచ్చి చెక్క పెడితే వేసవిలో బిగువు వదిలేస్తుంది. పాత పద్ధతిలో పిడిలోకి దిగే కత్తి తోకని లక్కతో దించి, పిడి మూతికి పొన్ను అనే లోహపు కట్టు వేసేవాళ్ళు, అది ఇప్పటికీ మంచి పద్ధతే. మీరు రెండు చెక్కలు అటూ ఇటూ పెట్టి అరల్డైట్, ఇత్తడి మేకులతో బిగించండి. పైన అవిసె నూనె పట్టిస్తే చాలు.

ఇలాంటి ఉక్కు తుప్పు పడుతుందని అమ్మగారికి ముందే చెప్పండి. ఉల్లిపాయ, చింతకాయ, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది కూడా. ఆ నలుపు భయపడాల్సింది కాదు, కొన్నాళ్ళకి అదే కొంత కాపు కాస్తుంది. ఎర్ర తుప్పు మాత్రం రానివ్వకూడదు. వాడగానే కడిగి, తుడిచి, వేలితో చుక్క కొబ్బరినూనె రాస్తే సరి. ఆ నూనె మన ఇళ్ళలో ఎప్పుడూ చేతికందే చోటే ఉంటుంది.

10 అంగుళాల వేట కత్తి గురించి సూటిగా చెబుతాను, వద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నియమాల్లో అలుగు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ మించిన కత్తిని ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటిపనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకీ ఉద్దేశించి చేసినవాటికి మినహాయింపు ఉంది. బాకులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు ఒక లాయరుని కలవండి. చట్టం పక్కన పెట్టినా, మన కాలవ గట్ల మీద వేటాడే మృగం ఏముంది? పెద్ద కత్తే చెయ్యాలని ఉంటే పనసపొట్టు కొట్టే కత్తి చెయ్యండి. అది వంటింటి పనిముట్టు, చెయ్యడం మాత్రం వేట కత్తి కన్నా కష్టం. వెన్ను బరువుగా ఉండాలి, వాదర పలచగా ఉండాలి. గంటసేపు కొట్టినా మణికట్టు లాగకూడదు, నూనె రాసిన చేతిలోంచి జారకూడదు. అలాంటిది ఒకటి కుదిరిన రోజున నాకు రాయండి, చూడ్డానికి నేనే వస్తాను.

దానికి మాత్రం కొట్టడం రావాలి. అప్పుడు మీ ఊరి కమ్మరి దగ్గరికి వెళ్ళండి. వరికోత మిషన్లు వచ్చాక కొడవళ్ళు చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు, ఆయనకి ఇంకా ఎన్నాళ్ళు కొలిమి వెలుగుతుందో. వారానికి ఒకరోజు కూలి ఇస్తానని చెప్పి, ఆ కూలి ముందు చేతిలో పెట్టి, బ్లోయరు తిప్పుతూ కూర్చోండి. ఊరికే వీడియో తీసుకుని వచ్చేయకండి. ఆయన విద్యకి వెల ఉంది. మీరు నెలల తరబడి తడుముకునేది ఆయన ఇనప దిమ్మ, అదే దాగలి, దగ్గర రెండు రోజుల్లో కంటికి కనపడుతుంది.

నాన్నగారు అన్న మాట తప్పు, ఆ సంగతి దాచను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలుముల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు. వూట్జ్ అని ప్రపంచం పిలిచిన ఉక్కు అదే. ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. అది తయారుచేసింది కొలిమి ఊదినవాళ్ళే. ఐతే ఈ మాటలు ఆయన ముందు పెట్టి వాదించకండి. చదువు చెప్పించిన తండ్రికి భయం ఉంటుంది, కొడుకు ఉన్న ఉద్యోగం వదిలేస్తాడేమోనని. వదలనని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, నిజంగా వదలకండి కూడా.

తర్వాత ఆయనకీ ఒక కత్తి చెయ్యండి, కొబ్బరితోటలో మట్టలు కొట్టుకునే మచ్చుకత్తి. దీనికి కమాను పట్టీయే సరైన ఉక్కు. వాడినది కాదు, కొత్త పట్టీ ముక్క కొని కమ్మరి దగ్గర సాగగొట్టించుకోండి. పెళుసు తీసేటప్పుడు 200 డిగ్రీలు సరిపోవు, ఇంకా వేడి ఎక్కించి గోధుమ రంగు దాటనివ్వాలి. మట్ట మీద పడే దెబ్బకి వాదర పెచ్చు లేవకూడదు. మాట్లాడని మనిషిని అరచెయ్యి చూపించమని అడగలేరు కదా. అక్కర్లేదు. ఆయన పాత మచ్చుకత్తి పెరట్లో చూరులో దోపి ఉంటుంది, తీసి పిడి చూడండి. బొటనవేలు ఆనే చోట ఒక పల్లం, చిటికెనవేలి దగ్గర ఇంకొకటి, అరచెయ్యి మడమ తగిలే చోట నున్నటి అరుగుదల ఉంటాయి. కాగితం చుట్టి పెన్సిల్‌తో రుద్దితే ఆ గుర్తులన్నీ కాగితం మీదకి వస్తాయి. కొలత తీసుకున్నాక కత్తిని మళ్ళీ అదే చోట దోపెయ్యండి.